చల్లారిన బండి, చల్లారని టీచర్

డ్రైవింగ్ స్కూల్ లిస్మీ టీచర్ కారు తాళంచెవిని నా మెకానిక్ షెడ్డులో టేబుల్ మీదికి విసిరింది. టీ గ్లాసు దొర్లిపోయింది.

"మళ్ళీ ఆగిపోయింది! సరిగ్గా హెచ్ మధ్యలో. ఏలియామ్మ చేచ్చి మళ్ళీ ఫెయిల్!"

కేరళలో, మా చంగనాశ్శేరిలో లైసెన్సు కావాలంటే నేలలో పాతిన కమ్మీల మధ్య కారును హెచ్ ఆకారంలో ముందుకీ వెనక్కీ తిప్పాలి. మధ్యలో ఆగిందా, అంతే సంగతులు.

"క్లచ్ వదలడం సరిగ్గా నేర్పండి టీచర్" అన్నాను. నాలుగోసారి అదే మాట. వెనకాలే ఏలియామ్మ చేచ్చి ఉందని చూసుకోలేదు. మేమంతా చేచ్చి, అంటే అక్క అని పిలిచే యాభై రెండేళ్ళ మనిషి, ముఖం చిన్నబోయింది.

లిస్మీ కళ్ళు ఎర్రబడ్డాయి. "ప్లగ్గులు మార్చావు, బ్యాటరీ మార్చావు. ఇంకేం దొరక్కపోతే తప్పు మాదా? నీ మాటలు విని ముగ్గురు వేరే స్కూల్‌కి పోయారు బినోయ్! గురువారం టెస్టులో కూడా ఆగితే నా స్కూల్ మూసుకోవాల్సిందే."

"స్కానర్‌లో తప్పేమీ రావట్లేదు. నన్నేం చెయ్యమంటారు?"

"చేతకాదని ఒప్పుకో!"

ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ఒక సంగతి తట్టింది. ఆవిడ క్లాసులు పొద్దున్న ఐదున్నరకే మొదలు. బండి నా దగ్గరికి ఎప్పుడొచ్చినా కాలిపోతూ వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారైనా చూశానా?

"రేపు నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి."

తెల్లారేసరికి వానలో తడుస్తూ టీచర్ వాళ్ళ వాకిట్లో ఉన్నాను. రాత్రంతా నిలబడిన బండిలో ఇంజిన్ నీళ్ళూ, అది పీల్చే గాలీ ఇంచుమించు ఒకే వేడిలో ఉండాలి. స్కానర్‌లో చూస్తే నీళ్ళు ఇరవై ఐదు డిగ్రీలు. గాలి నాలుగు! ఇన్నాళ్ళూ తప్పుల జాబితా చూశానే తప్ప ఈ అంకెల వైపు చూసిన పాపాన పోలేదు.

"నాలుగు డిగ్రీలా? ఫ్రిజ్‌లో పడుకుందా ఏంటి?" అంది లిస్మీ.

"హెయిర్ డ్రయ్యర్ ఉందా?"

"నీ జుట్టుకేమొచ్చింది?" అని విసుక్కుంటూనే తెచ్చింది.

గాలి వేడి కొలిచే సెన్సర్‌ని బయటికి తీసి, వైరు ఉంచేసి, వేడిగాలి కొట్టాను. అంకె నాలుగు దగ్గరే మొండికేసింది. అనుమానంతో జేబులో వేసుకొచ్చిన కొత్త సెన్సర్ తగిలించాను. ఇరవై ఐదు. డ్రయ్యర్ పెట్టగానే గబగబా యాభై.

"చలి అనుకుని ఇంజిన్ పెట్రోల్ ఎక్కువ తాగుతోంది టీచర్. అందుకే ఉక్కిరిబిక్కిరై ఆగిపోతోంది."

"అంటే మా తప్పు కాదు." ఆమె పాత సెన్సర్‌ని నా చేతిలోంచి లాక్కుంది. "నాకు చెప్పకు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి చెప్పు. అందరి ముందూ!"

గురువారం టెస్టు గ్రౌండ్‌లో గొడుగుల గుంపు ముందు నిలబడ్డాను. "ఇన్నిసార్లు ఆగింది నా చేతకానితనం వల్ల. టీచర్‌దీ, మీదీ తప్పు లేదు. క్షమించు చేచ్చీ" అన్నాను.

ఏలియామ్మ చేచ్చి నన్ను కొరకొరా చూసి స్టీరింగ్ పట్టుకుంది. ఒక్క కమ్మీ తగలకుండా, ఎక్కడా ఆగకుండా హెచ్ పూర్తి చేసింది. గుంపంతా చప్పట్లు కొట్టింది.

"ఇప్పుడైనా కోపం పోయిందా?" అని లిస్మీని అడిగాను.

"లేదు. ఊళ్ళో ఇంకో మెకానిక్ లేడా? ఏప్రిల్ నుంచీ నీ దగ్గరికే ఎందుకొస్తున్నానో, అదీ తెలుసుకోలేకపోయావు!"

నేను పనిముట్ల సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

"నా డ్రయ్యర్ నీ సంచిలోనే ఉండిపోయింది" అంది, ఇంకా కోపంగానే. "ఆదివారం చర్చి అయ్యాక తెచ్చివ్వు. ఒక్కడివే రాకు. మీ అమ్మని తీసుకురా."