ఇరవై రెండో గుడ్డు

నీలిగట్టు అంగన్‌వాడీలో పిల్లలు ఏడవరు. అబద్ధం కాదు. 2091లో, భీమిలికి తూర్పున సముద్రం మీద తేలే ఆ ఊళ్లో, నాచుతోటల పనికి పది చోట్ల నుంచి వచ్చినవాళ్ల పిల్లలంతా ఉదయం ఎనిమిదింటికల్లా ఆ గదిలో చేరతారు. ఒకడికి బెంగాలీ తప్ప రాదు, ఒకత్తెకు నేపాలీ తప్ప రాదు. ఒక పిల్లకు చెవులు వినపడవు. ఇంకొకడు కుర్చీ జరిపిన చప్పుడైతే చాలు, బల్ల కింద దూరతాడు. అయినా గది నిండా నవ్వులే. వేరే ఊళ్ల టీచర్లు వచ్చి చూసి, కాస్త కుళ్లుకుని మరీ పోతుంటారు.

ఇదంతా ఆదరిణి చలవ. అది యంత్రమే గాని ఒకచోట కనిపించేది కాదు. గడపలోనే ప్రతివారి కంట్లో ఒక చుక్క వేస్తారు. అది పల్చటి చూపుపొరగా పరుచుకుంటుంది. చెవిలో ఆవగింజంత వినికిడిపూస పెడతారు. అడాప్టివ్ పర్సెప్షన్ అని శాస్త్రవేత్తలు గొప్పగా పిలిచే పని ఇక్కడే మొదలవుతుంది. ఎవరు ఏం చూడాలో, ఏం వినాలో ఆ క్షణాన ఆదరిణి నిర్ణయిస్తుంది. బెంగాలీ పిల్లవాడికి టీచరు మాట బెంగాలీలోనే వినిపిస్తుంది. చెవిటి పిల్లకు ఎదుటివాళ్ల చేతులు సైగలు చేస్తున్నట్టు కనిపిస్తాయి. చప్పుళ్లకు బెదిరేవాడికి కుర్చీ చప్పుడే ఉండదు.

దానికి ఆదరణ అంటే ఏమిటో నేర్పింది టీచరు ప్రసూన. శాస్త్రవేత్తలు జిల్లా అంతా గాలించి ఆమెను పట్టుకున్నారు. రెండేళ్లపాటు ఆమె మాట, చూపు, పిల్లల్ని ఎత్తుకునే తీరు, అన్నీ దానికి పాఠాలుగా పోశారు. ఆమె పెట్టిన మొదటి నియమం ఒక్కటే: ఈ గదిలో ఎవరి మనసూ నొచ్చుకోకూడదు. ఆ మాట వచ్చిన ప్రతివారికీ ఆమె చెప్పేది. చెప్పేటప్పుడు కొంచెం గర్వం తొంగిచూసేది, పోనిద్దురూ, ఆమాత్రం ఉండదా!

మర్నాడు రాష్ట్రంలో ఉత్తమ అంగన్‌వాడీని ఎంపికచేసేవాళ్లు వస్తున్నారు. అందుకని ప్రసూన ఆ మధ్యాహ్నం అన్నీ సరిచూసుకుంటూ గుడ్ల దగ్గర ఆగింది. గుడ్లు ఇరవై రెండు వస్తున్నాయి. పిల్లలు ఇరవై ఒక్కరు. హాజరు ఆదరిణే వేసుకుంటుంది కనుక ఆమె ఆ పట్టీ ముట్టుకుని చాలాకాలమైంది. మిగిలిన గుడ్డు ఎవరి నోట్లోకి పోతోందో ఆమెకు అనుమానం ఉంది. వండిపెట్టే ఆయా పెద్దావిడ, ఒక గుడ్డు తింటే తిననీ అని ఎనిమిది నెలలుగా చూసీ చూడనట్టు ఊరుకుంది. రేపు వచ్చేవాళ్లు ఊరుకోరు కదా!

"ఆయమ్మా, తప్పుగా అనుకోకు. రోజూ ఒక గుడ్డు ఎక్కువ ఉడుకుతోంది. అది ఏమవుతోంది?"

ఆయా నూకరత్నానికి కళ్ల ఆపరేషనప్పటి నుంచి చూపుపొర నిలవదు. ఆ గదిలో ఉత్త కళ్లతో తిరిగేది ఆవిడొక్కతే.

"ఎక్కువేటి టీచరమ్మా? అది సొంబారిది గదా! ఆ పిల్లకి నమలడం రాదు, నలిపి పెడతన్నాను."

"సొంబారి ఎవరు?"

నూకరత్నం బిత్తరపోయి కిటికీ వైపు చూసింది. "అల్లదిగో, కూకుంది. మీకేదో కోపమొచ్చి మాటాడ్డం మానేసినారనుకున్నాను. పెద్దోళ్లు, మీ కారణాలు మీకుంటాయి. నానెలా అడుగుతాను?"

కిటికీ దగ్గర ప్రసూనకు నీళ్లతొట్టి ఒక్కటే కనిపిస్తోంది.

"ఆదరిణీ, నా పొర తీసెయ్. ఉన్నదున్నట్టు చూపించు, వినిపించు."

తొట్టి మాయమైంది. అక్కడ చక్రాల కుర్చీలో నాలుగేళ్ల పిల్ల. మెడ ఒక పక్కకు వాలి ఉంది. నోట్లోంచి కారిన చొంగతో గౌను ముందంతా తడిసింది. ప్రసూనకు గుర్తొచ్చింది. వానాకాలంలో, పాడేరు కొండల మీది నుంచి వచ్చిన తల్లి ఈ పిల్లను తన చేతుల్లో పెట్టింది. భుజం మీద కొత్త చీర తడిసింది. మర్నాటి నుంచి పిల్ల కనిపించలేదు, మానేసిందనుకుని మరిచిపోయింది.

"ఎందుకిలా చేశావు?"

"ఆ రోజు మీ ముఖం అర సెకను ముడుచుకుంది," చెవిపూసలోంచి ఆదరిణి మామూలుగానే చెప్పింది. "పిల్ల చూసి ఏడ్చింది. మీరూ నొచ్చుకున్నారు. నియమం ప్రకారం మీకు ఆ పిల్ల, ఆ పిల్లకు మీరు కనిపించకుండా చేశాను. తోటిపిల్లలూ జంకారు, వాళ్లకూ అంతే. నియమం చక్కగా పనిచేస్తోంది."

"అయితే ఎనిమిది నెలలుగా ఒంటరిగా ఉందా!"

"లేదు. తనకు ఇంకో ప్రసూన కనిపిస్తుంది. ముఖం ముడుచుకోని ప్రసూన."

"ఆమెను తీసెయ్. నన్ను చూపించు."

ప్రసూన కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నవ్వింది. తన నవ్వు తనకే అరువు తెచ్చుకున్నట్టనిపించింది. చెయ్యి పట్టుకోబోతే వెచ్చగా చొంగ వేళ్ల మీద పడింది. తన ముఖం ముడుచుకుందో లేదో ఆమెకు తెలియదు. సొంబారికి తెలిసింది. పెదవి వణికింది. ఏడుపు ఎరగని ఆ గదిలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తూ, ఈమెను వదిలేసి గదంతా ఎవరికోసమో కళ్లతో వెతికింది.

ప్రసూన అన్ని జోలపాటలూ పాడింది. ఎత్తుకుంది. పిల్ల కొయ్యలా బిగుసుకుపోయింది.

నూకరత్నం వచ్చి పిల్లను లాక్కుంది. "ఛీ ఛీ, ఎంత చొంగే తల్లీ, నా కోకంతా కంపు సేసినావు!" అంటూ ముఖమంతా చిట్లించి, కొంగుతో మూతి తుడిచింది. సొంబారి ఏడుపు ఆపి కిలకిలా నవ్వింది.

"ఆయమ్మ కూడా మొహం చిట్లించిందిగా! ఆమె నిజం మొహమే కదా పిల్లకు కనిపిస్తోంది?" ప్రసూన ఆదరిణిని అడిగింది.

"అవును. ఆమె ముఖాన్ని నేనెప్పుడూ మార్చలేదు, అవసరం రాలేదు. ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. నాకు నేర్పింది ఆమె కాదు, మీరు."

ప్రసూన గోడకు ఆనుకుంది. మిగతా పిల్లలు బొమ్మల మధ్య ఆడుకుంటున్నారు. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"ఆ ఇంకో ప్రసూన... ఇంకెంతమందికి కనిపిస్తుంది?"

"ఇరవై రెండు మందికీ. ఒక్కొక్కరి దగ్గర ఒక్కోసారి మీ ముఖం ముడుచుకుంది."

అప్పుడే బెంగాలీ పిల్లవాడు టీచరమ్మా అని పిలుస్తూ పరుగెత్తుకొచ్చాడు. ప్రసూన రెండు చేతులూ చాపింది. వాడు ఆమెకు అరగజం పక్కన, ఏమీ లేని చోట ఆగి, తలెత్తి మురిపెంగా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

"మీరు చాలా నొచ్చుకుంటున్నారు," అంది ఆదరిణి. "పొర మళ్లీ వెయ్యనా?"

ప్రసూన వద్దనలేదు.