మా ఇంట్లో హెన్రీ

“మళ్ళీ వాడేనా?” అన్నాడు ఏబెల్, డ్యూటీ బూట్లు విప్పకుండానే.

“వాడు కాదండీ, హెన్రీ గారు,” అన్నాను ఆల్బమ్‌లోంచి తలెత్తకుండా.

“చచ్చి వందేళ్ళు దాటినవాడికి ‘గారు’! నాకేమో ‘ఇదిగో’!”

ఖతర్‌లోని మెసయీద్‌లో కంపెనీ క్వార్టర్స్, కొత్త కాపురం. మా ఆయన స్టీలు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్ట్. నాకేమో అమెరికా పడమటి కొండల్లోని పాత వెండి గనుల ఊళ్ళ కాగితాలు పోగేసే పిచ్చి. ఎమ్మే హిస్టరీ చదువుతున్నప్పుడు అంటుకుంది. ఊళ్ళు పాడుబడ్డాయి, రసీదులూ కవర్లూ మిగిలాయి. హెన్రీ అలాంటి ఊళ్ళోనే, జనం తెచ్చిన రాయిని పరీక్షించి అందులో వెండి ఎంతుందో చీటీ రాసిచ్చేవాడు.

“ఆ హెచ్ చూడండి! జంతిక చుట్టినట్టు లేదూ?”

“నా సంతకం ఎప్పుడైనా చూశావా?”

“చూశా. రొయ్య మీసంలా ఉంటుంది.”

ఆ పూట ఏబెల్ రొయ్యల ఇగురు మారు వడ్డించుకోలేదు. కుళ్ళుకుంటే మా ఆయన ఎంత ముద్దొస్తాడో! అందుకే ఇంకాస్త ఉడికించాను.

కానీ నా బెంగ నాకుంది. హెన్రీది ఇంకో చీటీ ఆన్‌లైన్లో కొన్నాను, ఎంతకీ రాదు. ఇక్కడ ఉత్తరాలు ఇంటికి రావు, కంపెనీ పోస్టు బాక్సుకే.

“నా కవరొచ్చిందా?”

“మాఫీ,” అని అరబ్బీలో లేదనేసి రోజూ స్నానానికి వెళ్ళిపోయేవాడు.

ఇక్కడ సెలవురోజైన శుక్రవారం చర్చి నుంచి వచ్చాక ఏడుపొచ్చేసింది. “పోయుంటుందండీ. అతని చీటీ ఇంకోటి దొరకదట.”

“అంతగా ఏముంది ఎవా, వాడిలో?”

ఆల్బమ్‌లో ఉన్న చీటీ చూపించాను. “ఏం రాశాడు? ‘వెండి లేదు.’ ఊరంతా కోతలు కోస్తుంటే ఇతనొక్కడే లేనిది లేదన్నాడు. పెళ్ళిచూపుల్లో మా నాన్న ‘మేనేజరా బాబూ’ అంటే మీరేమన్నారు?”

“కాదండీ, ల్యాబ్‌లో శాంపిల్స్ చూస్తాను, విల్లా కూడా లేదు అన్నా.”

“మాకొచ్చిన గల్ఫ్ సంబంధాల్లో ‘లేదు’ అన్న మగాడు మీరొక్కరే. అక్కడే పడిపోయాను. హెన్రీది మీ పోలిక, అందుకే ఇష్టం.”

ఏబెల్ చెవులు ఎర్రబడ్డాయి.

“నీ కవరొచ్చింది,” అన్నాడు. “పోయిన వారమే. నేనే దాచాను.”

“ఎందుకూ?”

“కుళ్ళు.”

కోపం రావాల్సిందే. ముందు భయమేసింది. “ఈ ఎండలో కార్లో పడేశారా?”

“ఛ! ల్యాబ్‌లో. శాంపిల్స్‌కి తేమ తగలకుండా పెట్టే గాజు పాత్రలో.”

“కుళ్ళుకుంటూనే అంత జాగ్రత్తా?”

“కుళ్ళు వాడి మీద. కాగితం నీది కదా.”

ఇంకేం కోప్పడతాను? చున్నీతో కళ్ళు తుడుచుకుని కారు తాళాలు అందుకున్నాను. “యల్లా, లేవండి! ఇప్పుడే తెచ్చుకుందాం.”

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “ముందు ఆ ‘గారు’ సంగతి తేల్చు.”

“సరే,” అన్నాను. “హెన్రీ ఎదురు చూస్తుంటాడు. పదండి, ఏబెల్ గారూ.”