నానక్‌రామ్‌గూడ అవుట్‌పోస్ట్

"రవీందర్, నీ పోస్టింగ్ మారింది. బోర్డర్‌కి కాదు, నానక్‌రామ్‌గూడకి."

మేజర్ సౌజన్య మాటకి హవల్దార్ రవీందర్ సర్దుతున్న కిట్‌బ్యాగ్ వదిలేశాడు. యుద్ధం మొదలైంది. యూనిట్ అంతా సరిహద్దుకు రైలెక్కుతోంది. తనేమో పుట్టిన ఊరికి!

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక ఫ్లాట్‌లో విదేశీ ముఠా దిగింది. డ్రోన్లకు దారి చూపే బీకన్ ఆ ఫ్లాట్‌లోనే ఎక్కడో దాచింది. అది ఆన్ అయిందంటే పక్కనున్న డిఫెన్స్ ల్యాబ్, అందులోని వందల మంది బూడిదే. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఆమని ఉంది కానీ, బీకన్ చోటు ఆమెకూ చెప్పలేదు. ఎదురుగా సగం కట్టిన టవర్ పైనుంచి రవీందర్ కనిపెట్టాలి. వేషం వాచ్‌మన్. ఇంట్లో కూడా నోరు మెదపకూడదు.

ఇక ఆ ఎత్తున ఒంటరి కాపలా. టిఫిన్ క్యారియర్‌లో బైనాక్యులర్, చెవిలో ఇయర్‌పీస్. కింద ఊళ్లో మాత్రం ఒకటే మాట: బాలనర్సయ్య కొడుకు యుద్ధానికి జడిసి పారిపోయి వచ్చాడని. అబద్ధమని తెలిసినా రవీందర్‌కి తల కొట్టేసినట్టుండేది. తోటివాళ్లు అక్కడ తూటాలకు ఎదురు నిలుస్తుంటే, తనిక్కడ సిమెంట్ బస్తా మీద కూర్చున్నాడు మరి.

"ఈ సాయంత్రమే బీకన్ ఆన్ చేస్తారు" అని ఆమని కబురు పంపిన రోజే, సరిగ్గా ఆ వేళకే తండ్రి సామాన్ల లిఫ్టెక్కి పైకి వచ్చాడు.

"ఏందిరా నీ కథ? ఊళ్లె మొకం ఎత్తలేకపోతున్న. నీ తోటోళ్లు పానాలిస్తుంటే నువ్వు దిష్టి గుమ్మడికాయ లెక్క ఈడ ఏలాడుతున్నవ్! అదన్న ఎండకు మురిగి రాలుతది. నీకు ఆపాటి సిగ్గు గూడ లేదాయె!"

రవీందర్ తల దించుకున్నాడు. మరుక్షణం చటుక్కున ఎత్తాడు.

ఎదుటి ఫ్లాట్ బాల్కనీలో బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. గుమ్మానికి కట్టాల్సింది బాల్కనీకి ఎవడు కడతాడు? పైగా ఇంత మండుటెండలో నెలంతా నిగనిగలాడే కాయ ఎక్కడైనా ఉంటుందా? ఓరి దేవుడో! మనవాళ్ల ఆచారమేగా అనుకుని రోజూ దాన్ని దాటేసి లోపలికి చూశాడు!

"గుమ్మడికాయ! బాల్కనీ! అర్జెంట్!" అన్నాడు మైక్‌లో.

"నేను తిడుతుంటే ఫోన్ల కూరగాయలు తెప్పిచ్చుకుంటున్నవారా?" బాలనర్సయ్య నోరు తెరిచాడు.

ఎదుట ముఠా నాయకుడు ఫోన్ మీద వేలు ఆనించబోతున్నాడు. పట్టుచీరలో, వైన్ గ్లాసుతో నవ్వుతున్న ఆమని, చెవిదుద్దులో దాచిన ఇయర్‌పీస్‌లో ఆ మాట వినగానే గ్లాసు వదిలేసి, కాయను తాడుతో సహా లాగి నేలకేసి కొట్టింది. లోపల గింజల్లేవు, అన్నీ వైర్లే. నాయకుడు పిస్టల్ తీసేలోగా, బయట పొంచి ఉన్న మన కమాండోలు తలుపు బద్దలు కొట్టారు.

"వెల్‌డన్," చెవిలో అంది మేజర్. "కానీ ఇది రికార్డులో ఉండదు. ఎప్పటికీ, ఎవరికీ చెప్పొద్దు."

బాలనర్సయ్య కళ్లకి అంత దూరం ఆనలేదు. కోపం మాత్రం చల్లారింది. కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏం జేస్తం, కన్నంక తప్పదు. మీ సూపర్‌వైజర్ గడ్డం పట్టుకొని బతిమిలాడిన. ఈ నౌకరి పర్మినెంట్ జేస్తడట. ఇగ ఈడికెల్లన్న పారిపోకు బిడ్డా."

జన్మలో ఒకరి ముందు తలవంచని మనిషి తనకోసం వంచాడు. రవీందర్‌కి భూమి చీలితే అందులో దూరిపోవాలనిపించింది.

"పోను నాయినా," అన్నాడు.

ఆ యుద్ధంలో అతనికి దక్కిన ప్రమోషన్ అదొక్కటే.