పుట్టింటికి వెళ్ళిపోయిన మాటలు

ఆంగ్లద్వీపంలో ఒకనాటి పొద్దున మాటలకు కరువొచ్చింది. సభలో మంత్రి "ఆర్గ్యుమెంట్" అనబోయి ఆవులించాడు. పెళ్ళిపీటల మీద వరుడు "ప్రామిస్" అనలేక పళ్ళికిలించాడు.

అంతా రాజు మొండిభూపతి చలవే! విందులో 'సే', 'టెల్', 'స్పీక్' అనే ఊరి మాటలను పక్కన కూర్చోబెట్టుకుని, ఎన్నడో పరాసుదేశం, అంటే ఫ్రాన్సు నుంచి కోడళ్ళుగా వచ్చిన మాటలను "పరాయివాళ్ళు వసారాలో తినండి" అన్నాడు. పౌరుషం గల కోడళ్ళు! విస్తళ్ళ ముందు నుంచి లేచి, ఓడెక్కి పుట్టింటికి వెళ్ళిపోయారు.

ఓడ నడిపిన సరంగు వీరాసామిని రాజు చెరలో వేయించాడు. "పున్నమిలోగా మాటలు తిరిగి రాకపోతే నీ తల తీయిస్తా!"

సరంగు కూతురు మంజువాణి కుంకుమభరిణె పట్టుకుని పడవెక్కింది.

నడిసముద్రంలో ఒక రాక్షసుడు పడవను అరచేతిలోకి ఎత్తాడు. "నిన్ను తినేస్తా!"

"తిను మావయ్యా. లోపలికెళ్ళినా నేను వాగుతూనే ఉంటా. ఇక నీ కడుపు నిండా కబుర్లే!"

రాక్షసుడు హడలిపోయి పడవను దించేశాడు.

తర్వాత సుడిగుండం. "అలా తిరుగుతుంటే నీకు కళ్ళు తిరగవూ?" అని అడిగింది మంజువాణి. సుడిగుండం ఆలోచనలో పడి ఆగింది. ఆ సందులో పడవ దాటేసింది.

పరాసు తీరాన మాటల తల్లి పార్లే అవ్వ కూర్చుని ఉంది. బిస్కెట్టు కాదర్రా! పరాసు భాషలో ఆ పేరుకి 'మాట్లాడటం' అని అర్థం.

"వీళ్ళను బలవంతాన లాక్కురమ్మని మీ రాజు పంపిన కత్తులను తిప్పి పంపాను. నువ్వేం తెచ్చావే?"

"కోడళ్ళను బొట్టు పెట్టి పిలుద్దామని వచ్చానవ్వా. వీళ్ళు రాకపోతే మా నాన్న తల పోతుంది."

అవ్వ నిట్టూర్చింది. "తీసుకుపో తల్లీ. వీళ్ళకిక్కడ పొసగడం లేదు. పెద్దదాన్ని 'పార్లమాఁ' అనవే అంటే 'పార్లమెంట్' అంటోంది. మెట్టినింటి యాస పట్టేసింది! అన్నట్టు, పార్లర్‌ని మాట్లాడుకునే గదిగా పంపాను. దాంట్లో జుట్టు కత్తిరిస్తున్నారటగా?"

"కత్తిరిస్తూ మాట్లాడుకుంటూనే ఉంటారవ్వా!"

అవ్వ పకపకా నవ్వింది. మంజువాణి ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, పేరు పెట్టి పిలిచింది. అలక తీరిన కోడళ్ళు అవ్వ ఇచ్చిన ఓడెక్కారు.

పున్నమి సాయంత్రానికి ఓడ రేవు చేరింది. తలారి పక్కన తండ్రి, ఎదురుగా రాజు, చుట్టూ జనం.

"ఆగండి!" అని అరిచింది మంజువాణి. "మా నాన్న మాటల దొంగ కాదు. అలిగిన కోడళ్ళను పుట్టింట దింపాడు, అంతే. వీళ్ళు పరాయివాళ్ళూ కాదు. కన్నతల్లికే వీళ్ళ యాస కొత్తగా ఉంది మహారాజా! ఇక వీళ్ళు మనవాళ్ళు కాక ఎవరు?"

రాజు తల దించుకున్నాడు. ఏదో అనాలని నోరు తెరిచాడు, మాట రాలేదు. కావలసిన మాట 'పార్డన్' ఇంకా ఓడ నిచ్చెన మీదే ఉంది. రాజు పరుగున ఎదురెళ్ళి, ఆ కోడలిని చేయిపట్టి దింపి, నేరుగా వీరాసామి ముందుకు తీసుకెళ్ళాడు.