ఏడో వరుస

మాస్టారి గడ్డానికి ఒకవైపే నురగ పట్టింది. రెండోవైపు రాయడానికి బార్బర్ బ్రష్ ఎత్తేలోగా, ఎడమ పక్కనుంచి వచ్చిన మనిషి ఆయన చెవి వెనక పిస్టల్ ఆనించి ఒక్కసారి నొక్కాడు. సైలెన్సర్ సీసా మూత ఊడినంత చప్పుడు చేసింది. అద్దంలో మాస్టారు ఇంకా షేవింగ్ పూర్తవుతుందని ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు.

అప్పటికి అల్లుడు రోడ్డుకి అవతల సిగ్నల్ కోసం ఆగి ఉన్నాడు. నెలలో మొదటి శనివారం గురువుగారి పక్క కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకోవడం అతని అలవాటు. ఆ రోజు రెండు నిమిషాలు ఆలస్యమయ్యాడు.

అల్లుడు అతని అసలు పేరు కాదు. గూఢచారి శాఖలో పదిహేనేళ్ళుగా అందరూ అలాగే పిలుస్తారు. ఏ ఆఫీసులోకి పంపినా కుర్చీ వేయించుకుని, ఫ్యాను తిప్పించుకుని, రహస్యాలన్నీ వడ్డించుకుని వస్తాడని ఆ బిరుదిచ్చారు.

హంతకుడు పరుగెత్తాడు. అల్లుడు వెంటపడ్డాడు. రెండు సందులు దాటాక హంతకుడు వెనక్కి తిరిగి చూసి తప్పు చేశాడు. ఎదురుగా వస్తున్న బస్సు అతన్ని చూసుకోలేదు. జనం మూగేలోగా అల్లుడు వాడి ఫోన్ తీసి, ఇంకా వెచ్చగా ఉన్న వాడి బొటనవేలినే దానిమీద నొక్కి తెరిచాడు.

లోపల ఒకే ఒక్క ఫైల్ ఉంది. ఒక్క పేజీ డాక్యుమెంట్. కుడివైపు మాస్టారి ఫొటో, పక్కన పేరు, ఇంటి అడ్రసు, బార్బర్ షాపు, మూడో కుర్చీ, తొమ్మిదిన్నర. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అడుగున 'ప్రత్యేక సూచన' అని ఒక గడి: "ఎడమ చెవి వినపడదు. ఆ వైపునుంచి వెళ్ళాలి." ఇంకా అడుగున చిన్న అంకెల్లో 1 / 13.

అల్లుడికి ఏడుపొచ్చింది. అయినా ముందు ఫైల్ ప్రాపర్టీస్ తెరిచాడు. నిన్న సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు ఒక ప్రోగ్రామ్ దాన్ని తయారు చేసింది. ఆ తర్వాత ఏడ్చాడు.

*

శాఖ అధిపతిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన గదిలో కిటికీలుండవు, ఆయన మాటల్లో ఓదార్పుండదు.

"పొరుగుదేశం వాళ్ళ పని. ఊళ్ళో డాక్యుమెంట్లు తయారుచేసే ఆఫీసొకటి ముసుగుగా నడుపుతున్నారు. మన హెచ్‌ఆర్ అప్లికేషన్‌లోంచి మన మనుషుల వివరాలు పదమూడు వరుసలు కాపీ కొట్టారు. ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా?"

"మాస్టారు రిటైరయ్యారు కదా సర్. ఆయన్నెందుకు?"

"టెస్ట్ ప్రింట్" అన్నాడు పెద్దాయన. "వంద కాగితాలు తీసేముందు ఒకటి తీసి చూసుకోవడం ఏ ఆఫీసులోనైనా అలవాటే కదా. ఫొటో సరిగ్గా పడిందా, అడ్రసు సరైందా, పని అయిందా అని చూసుకున్నారు. అన్నీ సరిపోయాయి. మిగతా పన్నెండు ఇవాళ సాయంత్రం నాలుగింటికి. పన్నెండు మంది కిరాయి హంతకుల ఫోన్లలోకి నేరుగా పోతాయి."

అల్లుడు బల్లమీదున్న జాబితా చదివాడు. నాలుగో పేరు దగ్గర ఆగిపోయాడు. అది అక్క పేరు. ఆరేళ్ళుగా సరిహద్దు దగ్గర ఊళ్ళో లెక్కల టీచరు వేషంలో ఉంది. అమ్మ పోయిన ఏడాది తను చదువు మానేసి తమ్ముడికి వండిపెట్టిన మనిషి. ఆమెకు కబురందేది గురువారం రేడియోలో మాత్రమే. ఇవాళ శనివారం.

"ఆ ఆఫీసుని తగలబెట్టేస్తాను."

"తగలబెట్టు. సరిహద్దు అవతల రెండో మెషిన్ ఉంది. రేపు పొద్దున ఆరింటిలోగా హంతకులనుంచి 'పని పూర్తి' అని పన్నెండు రసీదులు రాకపోతే, అది అసలు జాబితాని మళ్ళీ పంపిస్తుంది. పన్నెండూ వస్తే తనంతట తనే చెరిగిపోతుంది. ఈ సంగతి ఆ ఆఫీసులో మన గూఢచారి నెమలి కబురు పంపింది."

"అంటే పన్నెండు మంది చావాలి."

"చావాలి. ఎవరన్నది ప్రోగ్రామ్‌కి పట్టదు. హంతకులకీ పట్టదు, తమకి డబ్బిచ్చేవాళ్ళ మొహాలు కూడా వాళ్ళెరగరు. కాగితంలో ఉన్నదే వాళ్ళకి వేదం." పెద్దాయన బల్లమీద ఒక స్టాప్లర్ పెట్టాడు. "ఇందులో రెండు పిన్నులున్నాయి. మొదటిది గుచ్చుకుంటే నాలుగు గంటల నిద్ర. రెండోది గుచ్చుకుంటే ఇక లేపక్కర్లేదు."

*

మూడో అంతస్తులో పొడవాటి హాలు. బయట డాక్యుమెంట్ సర్వీసెస్ అని బోర్డు. వందల కంపెనీల సమాచారం ఒకవైపునుంచి లోపలికి వస్తుంది. ఉత్తరాలు, సర్టిఫికెట్లు, నివేదికలు తయారై ఇంకోవైపునుంచి బయటికి పోతాయి. అక్కడ ఒక్కరూ ఒక్క వాక్యం రాయరు. టెంప్లేట్ అనే అచ్చులో గడులు ఖాళీగా ఉంటాయి, ప్రోగ్రామ్ పట్టికలోంచి ఒక్కో వరుస తీసి వాటిని నింపుతుంది.

బొద్దు మీసం, పొట్టకి దిండు, చేతిలో పనిముట్ల సంచి. ప్రింటర్ మెకానిక్ వేషంలో అల్లుడు రిసెప్షన్‌లో నిలబడ్డాడు. అక్కడి అమ్మాయి కెమెరా వైపు చూడమంది. రెండు సెకన్లలో అతని ఫొటోతో, అతను చెప్పిన దొంగ అడ్రసుతో విజిటర్ పాస్ బయటికొచ్చింది. దాన్నీ ఆ ప్రోగ్రామే చేసింది.

నెమలి చివరి బల్ల దగ్గర ఉంది. నీలం దుస్తులు, పొడవాటి మెడ. ఆమె లేచి నడిస్తే హాల్లో టైపింగ్ తప్పులు పెరుగుతాయని చెప్పుకునేవారు. టెంప్లేట్లు చేయడం ఆమె ఉద్యోగం. రెండు దేశాలకి పని చేయడం ఆమె వృత్తి.

"పసుపు ఇంకు అయిపోయిందన్నారు?" అన్నాడు అల్లుడు.

"పసుపు నిండుగానే ఉంది. నలుపే తక్కువ" అంది ఆమె. మాటలు సరిపోయాయి. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "మీసం అస్సలు బాలేదు."

అల్లుడు ప్రింటర్ మూత తీసి తల లోపలికి పెట్టాడు. "మాస్టారి కాగితం చూశాను. చెవి సంగతి మన అప్లికేషన్‌లో లేదు. ఆయన పక్కన కూర్చుని పాఠం నేర్చుకున్నవాళ్ళకే తెలుసు. నాకు తెలుసు. నీకు తెలుసు."

నెమలి కీబోర్డు మీద చేతులు ఆపలేదు. "టెస్టుకి ఎవర్ని వెయ్యాలో నన్నే ఎంచుకోమన్నారు. ఎవరో ఒకరు అవ్వాలి కదా. పిల్లలున్నవాళ్ళని వెయ్యమంటావా? మీ అక్కని వెయ్యమంటావా? ఆయనకి డెబ్బై నాలుగు."

"ఆ సూచన నువ్వెందుకు రాశావ్?"

"గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఏదో ఒకటి రాయాలి." ఎంటర్ నొక్కింది. "వెనకనుంచి వచ్చేది వినపడకపోతే భయం ఉండదు కదా. ఆయన భయపడ్డారా?"

"లేదు."

"అందుకే రాశాను" అంది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, ఎవరైనా చూస్తారని.

అల్లుడికి ఆమె పీక పిసికేయాలనీ, ఆమె చెయ్యి పట్టుకోవాలనీ ఒకేసారి అనిపించింది. రెంటికీ టైం లేదు. మూడున్నర దాటింది.

"అసలు జాబితాకి తాళం ఉంది, నేను ముట్టుకోలేను" అంది నెమలి. "కానీ ఏ పట్టికలోంచి తీసుకోవాలో చెప్పేది నా టెంప్లేటే. ఇక్కడున్న పొరుగుదేశం మనుషులకి గుర్తింపు కార్డులు కూడా నేనే చేశాను. ఫొటోలు, అడ్రసులు అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. దాన్నే చూపించాను. ముల్లుని ముల్లుతోనే తీద్దాం."

"తయారయ్యాక ఎవరైనా చదివితే?"

"టెస్ట్ బాగా వచ్చాక మిగతావి చదివిన ఆఫీసు నువ్వెక్కడైనా చూశావా?" నవ్వింది. "ఒకటే చిక్కు. కార్డులు పదకొండే. పన్నెండోది నువ్వు చూసుకో. రిసెప్షన్‌లో నీ ఫొటో తీశారుగా, చాలా అందంగా వచ్చుంటుంది."

హాస్యానికే అంది. అప్పుడే ఇంటర్‌కమ్ మోగింది. కొరియర్ వచ్చిందట, ఆమె సంతకం కావాలట. "కదలకు, వస్తా" అని లేచి వెళ్ళింది. హాల్లో నాలుగు తలలు తిరిగాయి.

మూడు గంటల యాభై రెండు నిమిషాలు.

అల్లుడు పట్టిక ముందు కూర్చున్నాడు. ఒకటి, రెండు, మూడు... ఐదు, ఆరు, ఎనిమిది. మళ్ళీ చూశాడు. ఆరు తర్వాత ఎనిమిది. ఏడో వరుసని ఎవరో దాచారు. పట్టికలో దాచిన వరుసని ప్రోగ్రామ్ తీసుకోదు, కానీ అది ఎక్కడికీ పోదు, మంచం కింద దూరిన పిల్లిలా అక్కడే ఉంటుంది. అల్లుడు రెండు మీటలు నొక్కి దాన్ని బయటికి తీశాడు.

నీలం దుస్తులు, పొడవాటి మెడ. ఇంటి అడ్రసు, మూడో వీధి, రెండో అంతస్తు. పొరుగుదేశం తన మనిషికిచ్చిన గుర్తింపు కార్డు. అన్ని గడులూ నిండి ఉన్నాయి, 'ప్రత్యేక సూచన' తప్ప. మిగతా పదకొండిట్లో ఆమె 'వర్తించదు' అని పెట్టింది.

పక్కనే ఇంకో కిటికీలో అతని విజిటర్ పాస్ ఉంది. ఫొటో నిజమైంది, అడ్రసు దొంగది. ఆ అడ్రసుకి వెళ్ళిన హంతకుడు ఉత్త చేతులతో తిరిగొస్తాడు, పన్నెండో రసీదు రాదు, అక్క చచ్చిపోతుంది. అడ్రసు చెరిపి తన అసలు ఇంటి అడ్రసు రాస్తే చాలు. పాతిక అక్షరాలు. అరనిమిషం పని. అతని దగ్గర ఐదు నిమిషాలున్నాయి.

మాస్టారిని చంపించింది ఆమే కదా అనుకున్నాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిందీ ఆమే కదా అనుకున్నాడు. మంచి కారణాలు అవసరానికి ఎప్పుడూ దొరుకుతాయి. అసలు సంగతి, అతనికి చావాలని లేదు.

"ఏయ్, నీకు ఈ బల్ల దగ్గరేం పని?"

మేనేజర్. పట్టికలో మూడో వరుస. అతని చూపు స్క్రీన్ మీదికి పోయింది. అక్కడ తన ఫొటో తనకే కనిపించి నోరు తెరుచుకుంది. అల్లుడు స్టాప్లర్ ఎత్తి అతని మణికట్టు మీద నొక్కాడు. టిక్! మేనేజర్ పక్క కుర్చీలో మెత్తగా కూలబడి గురక మొదలెట్టాడు. మధ్యాహ్నం పూట కునుకు తీసే మేనేజర్‌ని చూసి ఆ హాల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

మూడు గంటల యాభై తొమ్మిది నిమిషాలు. గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అల్లుడు వేళ్ళు కీబోర్డు మీద పెట్టాడు. మాస్టారికి ఆమె చేసిన పాటి మేలు ఆమెకి తను చేయలేడా? ఏడో వరుస చివర రాశాడు: "నిద్రపోయాకే. మెలకువగా ఉంటే ఆగాలి."

సేవ్ నొక్కాడు. ఏడు సెకన్లు మిగిలాయి.

నెమలి ఆయాసంగా వచ్చేసరికి స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత కుడివైపుకి పాకుతోంది. అది చివరికి చేరాక రెండు ముక్కలు కనిపించాయి: "12 డాక్యుమెంట్లు పంపబడ్డాయి. లోపాలు: 0."

ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది. గురకపెడుతున్న మేనేజర్‌ని చూసి, అల్లుణ్ణి చూసింది.

"పన్నెండోది ఎవర్ని పెట్టావ్?"

"నన్నే" అన్నాడు.

నెమలి మొహంలో రంగు పోయింది. "పిచ్చోడా! నేను సరదాకన్నాను..." అతని చెయ్యి పట్టుకుంది. ఈసారి ఎవరు చూసినా పట్టించుకోలేదు. "నీకో సంగతి చెప్పాలి. నా కార్డు కూడా ఆ పట్టికలో ఉంది. భయమేసి దాచాను. నువ్వు మాత్రం నీ ప్రాణం... ఇంటికి పోకు. మా ఇంటికి వచ్చెయ్. నిన్నక్కడ ఎవరూ వెతకరు."

ఆ క్షణంలో చెప్పేయొచ్చు. చెబితే ఆమె పారిపోతుంది, పన్నెండో రసీదు రాదు.

"నువ్వు పద. నేను వెనకాల వస్తాను" అన్నాడు.

*

సాయంత్రం ఏడింటికి అల్లుడు శాఖ ఆఫీసులో స్టాప్లర్ అప్పగిస్తుంటే ఫోన్ మోగింది. నెమలి మెసేజ్ పెట్టింది: "ఎక్కడున్నావ్? తలుపు తీసే ఉంచాను. నువ్వొచ్చేదాకా పడుకోను."

ఆ ఇంటి ఎదురుగా ఎవడో నిలబడి ఆమె కిటికీలో లైటు ఎప్పుడు ఆరుతుందా అని చూస్తుంటాడు. కాగితంలో అలాగే ఉంది. ఆమె మేలుకుని ఉన్నంతసేపూ బతికే ఉంటుంది. పొద్దున ఆరింటిదాకా మేలుకుంటే అక్క బతకదు.

ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టాడు, మాస్టారిచ్చిన శిక్షణ అలాంటిది. "ఆలస్యమవుతుంది. లైటార్పేసి పడుకో. వచ్చి లేపుతాను" అని పంపాడు.

"సరే" అని వచ్చింది జవాబు.

తెల్లారి ఐదున్నరకి పన్నెండు రసీదులూ చేరాయి. సరిహద్దు అవతల రెండో మెషిన్ తనని తానే చెరిపేసుకుంది. సరిహద్దు దగ్గర ఊళ్ళో ఒక లెక్కల టీచరు ఏమీ తెలియకుండా నిద్ర లేచింది.

అల్లుడు రిపోర్టు ఫారం తెరిచాడు. 'మన వైపు నష్టం' అన్న గడిలో మాస్టారి పేరు టైపు కొట్టాడు. రిటైరైనవారు చెల్లరంది ఫారం. నెమలి సంకేతనామం కొట్టాడు. అలాంటి ఉద్యోగి లేరంది. సున్నా కొట్టాడు. వెంటనే ఒప్పుకుని, ఒక్క సెకనులో నాలుగు పేజీల నివేదికని బొమ్మలతో సహా తయారు చేసి పెట్టింది.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"పదిహేనేళ్ళలో నువ్విచ్చిన రిపోర్టుల్లో ఒక్క తప్పూ లేనిది ఇదేనయ్యా, అల్లుడూ."

"నేను రాయలేదు సర్" అన్నాడు అల్లుడు. "ప్రోగ్రామే రాసింది."