పిన్ను తీయని కారు

"ముందు ఆ చొక్కా విప్పండి."

ఆమె అతనితో అన్న మొట్టమొదటి మాట అది. అదీ, డ్రైవర్లందరూ హెల్మెట్లు చంకన పెట్టుకుని వరుసలో నిలబడి ఉండగా.

అతను ముందుకీ వెనక్కీ చూశాడు. "నన్నేనా?"

"మిమ్మల్నే. అది నైలాన్. మంట తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఆ తర్వాత చొక్కా ఏదో, చర్మం ఏదో మీకే తెలీదు. కాటన్ వేసుకొస్తేనే కారు లోపలికి వెళ్తుంది."

"మేడమ్, నేను డాక్టర్ని. ఇవన్నీ నాకు తెలుసు."

"ఏం డాక్టరు?"

అతని గొంతు తగ్గింది. "పళ్ళ డాక్టరు."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. కాసేపటికి అతను క్యాంటీన్ వంటమాస్టరుని బతిమాలి తెచ్చుకున్న తెల్ల కాటన్ కోటు వేసుకుని, టీ మరకలతో సహా, మెడదాకా బొత్తాలు పెట్టుకుని మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. నవ్వు ఆపుకోవడానికి ఆమె అతని హెల్మెట్ మీది స్టిక్కరు చాలాసేపు చదివింది.

అక్కడ జరిగేవి రేసులు కావు. ఆదివారం పూట ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, రోడ్డు మీద తీరని వేగం ముచ్చట ట్రాక్ మీద తీర్చుకుంటారు. ఆ ముచ్చట మూన్నాళ్ళ ముచ్చట కాకుండా చూసే పని ఆమెది, వాళ్ళ నాన్నది. నాన్న ఫైర్ క్రూకి చీఫ్. ఆమె కార్లని తనిఖీ చేసి గేటు దాటించే మనిషి.

అందరూ ఆమెని 'పిన్నుపిల్ల' అంటారు. ఊరికే అనలేదు. ప్రతి కారులోనూ మంటలార్పే సిలిండర్ ఒకటి ఉంటుంది, డ్రైవరు చేతికందేలా ఎర్ర హ్యాండిల్ ఉంటుంది. లాగితే ఇంజన్లోకీ సీటు చుట్టూ నురగ చిమ్ముతుంది. షెడ్డులో ఎవరూ పొరపాటున లాగకుండా ఆ హ్యాండిల్‌కి పిన్ను గుచ్చి ఉంచుతారు. ట్రాక్ మీదికి వెళ్ళేముందు ఆ పిన్ను తియ్యాలి. తియ్యకపోతే హ్యాండిల్ ఎంత లాగినా కదలదు, సిలిండర్ ఉండీ లేనట్టే. అందుకే గేటు దగ్గర ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి పిన్ను లాగుతుంది, దాన్ని తన బోర్డు మీద ఆ కారు నంబరున్న మేకుకి తగిలిస్తుంది. కారు తిరిగొచ్చాక మళ్ళీ గుచ్చుతుంది.

కార్లు ట్రాక్ మీద ఉన్నంతసేపూ ఆమె కాలుగాలిన పిల్లే. కూర్చోదు, తినదు, ఫోను చూడదు. చివరి కారు లోపలికొచ్చి ఆఖరి మేకు ఖాళీ అయితేగాని మంచినీళ్ళు కూడా సయించవు. ఊళ్ళోవాళ్ళ కోసమే ఇంత అయితే, సొంతవాడు కూడా అందులో ఉంటే ప్రాణం నిలుస్తుందా? అందుకే ఎవర్ని ప్రేమించినా సరే, స్టీరింగ్ పట్టినవాణ్ణి మాత్రం ప్రేమించకూడదని గట్టిగా అనుకుంది. అనుకోవడానికేం, అందరూ అనుకుంటారు!

పళ్ళ డాక్టరు ఆదివారం తప్పకుండా వచ్చేవాడు. అతనూ ఒకచోట నిలిచే రకం కాదు. వారమంతా జనాన్ని 'కదలకండి' అని కుర్చీలో పడుకోబెడతాడు కదా, ఆ కదలిక అంతా ఆదివారానికి దాచుకునేవాడు.

కారులోంచి దూకడం ఆమే నేర్పింది. బెల్టు విప్పి, స్టీరింగ్ ఊడదీసి, హెల్మెట్ కారు టాపుకి తగలకుండా బయటపడాలి. అతనికి హెల్మెట్ ప్రతిసారీ టంగుమని తగిలేది.

"మళ్ళీ," అనేది ఆమె.

"నడుం పట్టేసిందండీ. కాస్త ఆగి చేద్దామా?"

"మంట మీ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని రాదు డాక్టరు గారూ. హ్యాండిల్ ఒక్కసారి లాగండి. పనిచేస్తే సరే, చెయ్యకపోతే దాంతో కుస్తీ పట్టకుండా దూకెయ్యండి. మళ్ళీ!"

అతను మళ్ళీ దూకేవాడు. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ ఆమె వంక చూసి నవ్వేవాడు. ఆ నవ్వుకి ఆమె బోర్డు చదవడం మొదలుపెట్టేది. క్రూలో గుసగుసలు బయల్దేరాయి. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. నిప్పులార్పేవాళ్ళకి ఆ సంగతి వేరే చెప్పాలా?

ఆ ఆదివారం సన్నగా తుంపర పడుతోంది. గేటు దగ్గర కార్లు గుర్రుమంటూ బారులు తీరాయి. వరుసలో ఆఖరున అతని కారు. ఆమె కిటికీ దగ్గరికి వంగి బెల్టు లాగి చూసింది, హెల్మెట్ కింది పట్టీ చూసింది.

"ఒక మాట అడగాలి," అన్నాడు అతను.

"తొందరగా."

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఇది అడిగే చోటా ఇది?"

"ఏం చెయ్యను? మీరు ఇంకెక్కడా ఒక్క నిమిషం నిలబడరుగా!"

"ఇంజన్ రొదలో... హెల్మెట్ పెట్టుకుని... మనిషికి సిగ్గుండాలి!"

"సిగ్గుంది. అందుకే హెల్మెట్ పెట్టుకుని అడుగుతున్నా. తిరిగొచ్చాక చెప్పండి, తొందరేం లేదు."

గేటు మనిషి జెండా ఊపుతూ కేకేశాడు. ఆమె చెంపలు కాలిపోతుంటే, ఏం చేస్తోందో తెలియకుండానే కారు టాపు మీద చేత్తో తట్టి 'పో' అంది. కారు తుంపర్లోకి దూసుకుపోయింది.

ఆమె నవ్వుకుంది. నవ్వుకున్నందుకు తనని తాను తిట్టుకుంది. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది. అలవాటుగా బోర్డు వంక చూసింది.

అన్ని మేకులకీ పిన్నులు ఉన్నాయి. అతని మేకుకి లేదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. రేడియో నోటి దగ్గర పెట్టుకుంది. "చీఫ్, అన్ని కార్లూ ఆపండి."

నాన్న గొంతు వినిపించింది. "కారణం?"

ట్రాక్ మీద నూనె పడిందంటే సరిపోతుంది. ఎవరూ ఇంకేం అడగరు. కానీ అప్పుడు అందరూ నూనె కోసం వెతుకుతారు గాని, అతని కారు వంక ఎవరూ చూడరు. ఆ మలుపుల్లో ఉన్న క్రూ అంతా ఈ రేడియో వింటోందని ఆమెకి తెలుసు.

"పళ్ళ డాక్టరు కారులో పిన్ను తియ్యలేదు. తప్పు నాదే."

"నువ్వా? నువ్వెప్పుడూ మర్చిపోలేదే. ఏమైంది?"

"ఆయన... పెళ్ళి చేసుకుంటావా అని అడిగారు నాన్నా."

నాన్న గొంతు గట్టిగా పలికింది. "అన్ని మలుపులకీ, ఎర్ర జెండా! ఆ కారు మీద కన్నేసి ఉంచండి."

కార్లు ఒక్కొక్కటే నెమ్మదిగా తిరిగొస్తున్నాయి. అతని కారు రాలేదు.

"దూరం మలుపు నుంచి మాట్లాడుతున్నా," అంది రేడియో. "డాక్టరు కారు ఆగింది. బానెట్ కింద పొగ... మంట కూడా!"

నాన్న ట్రక్కు సైరన్ మోగిస్తూ ఆమె పక్కనుంచే వెళ్ళిపోయింది. ఆమె కాళ్ళు దాని వెంటే పరిగెత్తబోయాయి. కానీ వచ్చిన ప్రతి కారుకీ పిన్ను గుచ్చాలి, అది వదిలి కదలడానికి లేదు. ఒక పిన్ను గుచ్చింది. రెండోది చేతిలోంచి జారి తడిలో పడింది. ఆ డ్రైవరే దిగి తీసిచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనేమో అనుకుంటూ ఏడుస్తూనే పని చేసింది. అతన్ని ఇష్టపడుతున్నానో లేదో అన్న సందేహం ఆ కాసేపట్లో ఆమెకి పూర్తిగా తీరిపోయింది. ప్రాణం మొత్తం ఆ మలుపు దగ్గరే ఉంది.

"మంట ఆరింది," అంది నాన్న గొంతు. "పిల్లాడు బయటే ఉన్నాడు. సొంత కాళ్ళ మీద నిలబడ్డాడు."

ఆమె చేతిలో మిగిలిన పిన్ను ఆఖరి కారుకి గుచ్చింది.

ట్రక్కులోంచి అతను దిగాడు. ఒళ్ళంతా మంటార్పడానికి క్రూ చల్లిన తెల్ల పొడి. ఒక కనుబొమ్మ సగం మాడింది. ఆమె ఎదురెళ్ళి, అతని భుజం మీద రెండు దెబ్బలు వేసింది. పొడి లేచి ఇద్దరికీ దగ్గొచ్చింది.

"నా వల్ల మీకేమన్నా అయ్యుంటే?"

"హ్యాండిల్ కదల్లేదండీ. మీరు చెప్పినట్టే దాని జోలికి పోకుండా దూకేశా. ఈసారి హెల్మెట్ కూడా తగల్లేదు, తెలుసా!" అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది. "ఎర్ర జెండా చూసి అప్పటికే స్పీడు తగ్గించాను. ముందున్న వేగంలోనే అంటుకుని ఉంటే... ఆపడానికి కూడా టైం ఉండేది కాదు."

నాన్న వచ్చి ఆమె చేతిలోంచి బోర్డు తీసుకున్నాడు. ఉద్యోగం పోయిందనుకుంది ఆమె.

"ఇక మీదట ఈయన కారు నువ్వు ముట్టుకోవద్దు," అన్నాడు.

"ఇంకోసారి జరగదు నాన్నా."

"జరుగుతుంది తల్లీ. మీ మేనమామ ఇక్కడ నడిపినన్నాళ్ళూ నేను ఆ కారు జోలికి పోలేదు. ఇంటివాళ్ళ కారు ఇంటివాళ్ళు చూడకూడదు. కళ్ళు పిన్ను మీద ఉండవు, మనిషి మీద ఉంటాయి. అందుకే మనింటివాళ్ళ కారు ఇంకొకరు చూస్తారు."

ఆమె తలెత్తి నాన్న వంక చూసింది. డాక్టరు మాత్రం ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "సార్, మనింటివాళ్ళంటే..."

"నీకు పళ్ళు తప్ప ఇంకేమీ అర్థం కావా బాబూ?" అని నాన్న బోర్డు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు గాని, క్రూ అంతా చూస్తూనే ఉంది.

"ఆయన చెప్పారు సరే, మీరు చెప్పలేదు," అన్నాడు డాక్టరు. "మీరు భయపడేట్టయితే డ్రైవింగ్ మానేస్తాను."

"మానొద్దు. వారమంతా ఇంట్లో మిమ్మల్ని భరించేదెవరు? చేసుకుంటాను. కానీ నేను గేటు దగ్గర నిలబడి మీకోసం ఎదురుచూడలేను, ఇవాళ తెలిసిపోయింది. నాన్న పక్కన ట్రక్కులో కూర్చుంటాను. పొగ కనిపిస్తే ముందు నేనే వస్తాను."

"ఆర్పడానికా, తిట్టడానికా?"

"ముందు ఆర్పి," అంది ఆమె, అతని మాడిన కనుబొమ్మ మీది పొడి తుడుస్తూ, "తర్వాత తీరిగ్గా తిడతాను."