మళ్ళా లావైతే ఏమి?

రైల్లో కిటికీ పక్క సీటు కోసం జనం కొట్లాడుకోవడం అందరూ చూసే ఉంటారు. ఆ రోజు బెంగుళూరు నుంచి గుంతకల్లు పోయే ప్యాసింజరులో భద్రమ్మ కొట్లాడింది మాత్రం కక్కసు పక్క సీటు కోసం.

"లెయ్యప్పా, నేను ఈడ కూర్చోవల్ల."

కూర్చున్నవాడు లేవలేదు. ముప్పై దాటని మనిషి. ఎవరిదో చొక్కా అడిగి తొడుక్కున్నట్టు భుజాల మీంచి జారిపోతోంది.

"పెట్టెంతా ఖాళీగా ఉండాది గదమ్మా. కిటికీ కాడికి పో, గాలి బాగొస్తాది."

"ఆ గాలి నువ్వే తాగు. నాకు ఈడే కావల్ల."

"నాకూ ఈడే కావల్ల."

"ఆడమనిషి అడుగుతాంటే లేసేదానికి ఏమి రోగం నీకు?"

అతడు ఆమె చేతిలోని ఆసుపత్రి చీటీలు చూశాడు. పలచబడిన జుట్టు చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"నీకుండే రోగమే. పేగులు తప్పించి కుట్టినారా?"

భద్రమ్మకు సిగ్గుతో చెవులు కాలాయి. బదులు చెప్పేలోపే కడుపులో మెలి తిరిగి, తలుపు నెట్టుకుని లోపలికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి అతడు ఆ సీటు వదిలి ఎదురు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కాసేపటికి అతడూ లేచి పరుగెత్తాడు. వచ్చి కూర్చున్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గాని, ఆపరేషన్ అయిన తర్వాత భద్రమ్మ నవ్వడం అదే మొదటిసారి.

భద్రమ్మది ధర్మవరం. తల్లి లేదు. నాయన నాగన్న పట్టుచీరలు నేస్తాడు. కూతురికీ నేత నేర్పాడు గాని, పెద్దదయ్యేకొద్దీ ఆమె ఒళ్ళు మగ్గం గుంటలో పట్టలేదు. వరుసగా వానలు లేవు. వేరుశనగ చేలు మొలకల్లోనే మాడిపోయాయి, పశువుల్ని కబేళాకు తోలుతున్నారు. అట్లాంటి కాలంలో పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, "కరువు ఈ ఇంటికి రాలేదే!" అని నవ్వి వెళ్ళిపోయారు. ఆమె తినేది అందరూ తినే రాగిసంగటే. ఆ మాట ఎవరికని చెప్పుకుంటుంది? మోకాళ్ళు పట్టేసి, నాలుగు మెట్లెక్కితే ఊపిరాడని స్థితి వచ్చాక బెంగుళూరు తీసుకుపోయారు. అక్కడ ఒక పెద్దాసుపత్రిలో, విదేశంలో చదివొచ్చిన డాక్టరు సన్నబడే ఆపరేషన్ చేస్తున్నాడు. పేగుల్లో చాలా భాగాన్ని పక్కకు తప్పించి, పై కొసను కింది కొసకు కలిపి కుట్టేస్తారు. తిన్నది ఒంటికి పట్టదు.

పట్టలేదు, నిజమే. ఒళ్ళు కరిగింది. జుట్టు ఊడింది, పిక్కలు కొంకర్లు పోయాయి, తిన్న ప్రతిసారీ పరుగే. నిన్నటిదాకా బస్తా అని పిలిచినవాళ్ళు ఇప్పుడు క్షయ అని గుసగుసలాడి, ఆమె తాగిన చెంబు దూరంగా పెట్టారు.

రైల్లో కలిసినవాడి పేరు జయరాముడు. బెళుగుప్ప దగ్గర ఒక పల్లెలో బడి అయ్యవారు. కరువు పిల్లలకు బడిలో మధ్యాహ్నం ఉప్మా వండించి పెట్టే పని అతడిదే.

"పిల్లోళ్ళ కడుపు కొట్టి అయ్యవారు పొట్ట పెంచినాడు అన్నారు," చెప్పాడు ఆమెకు. "ఒక్క పిడికెడు తిని ఎరగను, భద్రమ్మా. ఎముకలు తేలిన పిల్లోళ్ళ ముందర ఈ పొట్ట వేసుకుని నిలబడితే ఎవరు నమ్ముతారు? ఆ మాట పడలేకనే కోయించుకున్నా."

భద్రమ్మ నమ్మింది. తన సంచిలోంచి అరటిపండు తీసి సగం విరిచి ఇచ్చింది.

ఇద్దరికీ నెలనెలా ఒకటే రోజు పరీక్షకు రమ్మన్నారు. జయరాముడు అనంతపురంలో ఎక్కి సీట్లు పట్టేవాడు. ధర్మవరంలో భద్రమ్మ ఎక్కేది. పెనుకొండలో లక్ష్మక్క ఎక్కేది. ఆమెదీ అదే ఆపరేషన్. యాభై దాటిన మనిషి, ఇడ్లీల అంగడి నడుపుతుంది. నోరు మంచిది గాని ఊరుకోదు.

"ఏమప్పా అయ్యవారూ, ఈ పిల్ల ఎక్కేదాకా నీ తల కిటికీలోనే ఉంటాదంటనే?"

"స్టేషన్ పేరు చూస్తాంటి లక్ష్మక్కా."

"ధర్మవరం పేరు నెలనెలా మారుస్తాండారా ఏమి?"

భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి చూసేది.

ముగ్గురూ కలిస్తే మాట్లాడుకునేది ఎవరి ఇంట్లోనూ మాట్లాడలేని సంగతులే. పిక్కలు పట్టేస్తే ఏం తాగాలి, మజ్జిగలో ఉప్పెంత వేయాలి, పెళ్ళిభోజనానికి పిలిస్తే ఏమని తప్పించుకోవాలి. వాసన గురించి, రాత్రుల ఏడుపు గురించి కూడా. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు ఒకరు మరిచిపోతే ఒకరు గుర్తు చేసేవారు. జుట్టు ఊడుతోందని భద్రమ్మ ఏడిస్తే, లక్ష్మక్క తన తలగుడ్డ విప్పి బోడి మాడు చూపించి, "నాకంటే ధనవంతురాలివే నువ్వు," అంది.

ఒకసారి హిందూపురం దాటాక నాలుగు చినుకులు పడ్డాయి. పెట్టెలో జనమంతా కిటికీల్లోంచి చేతులు బయటపెట్టారు. భద్రమ్మా పెట్టింది, పక్కనే జయరాముడూ పెట్టాడు. అరచేతులు తడిసీ తడవకముందే వాన ఆగిపోయింది. చేతులు లోపలికి తీసుకునేటప్పుడు అతడి వేళ్ళు ఆమె వేళ్ళకు తగిలి, కాసేపు అక్కడే ఉండిపోయాయి. లక్ష్మక్క చూసి, కళ్ళు మూసుకుని నిద్ర నటించింది.

ఆ తర్వాత నెలలో లక్ష్మక్క నల్లద్దాలు పెట్టుకొచ్చింది.

"ఏమక్కా, సినిమాలో చేరినావా?" అన్నాడు జయరాముడు.

"నీకు అత్త వేషం వేసేదానికి పిలిచినారప్పా."

నవ్వుకున్నారు. ఆసుపత్రిలో డాక్టరు అద్దాలు తీయమన్నాక గాని తెలియలేదు. కళ్ళు పసుపుముద్దల్లా ఉన్నాయి. కాలేయం చెడుతోంది, ఆపరేషన్ విప్పి పేగులు మునుపటిలా కలపాలి అన్నాడు డాక్టరు. విప్పితే ఒళ్ళు మళ్ళీ వస్తుంది.

"వద్దు," అంది లక్ష్మక్క. తిరుగు రైల్లో ఇద్దరూ బతిమాలినా వినలేదు. "ఆ ఒళ్ళు ఇంకొకసారి మోసేదానికి నా చేత కాదు. జనం నవ్వేది మీకు తెల్దా?"

తెలుసు. అందుకే గట్టిగా చెప్పలేకపోయారు. మరుసటి నెల పెనుకొండలో రైలు ఆగితే లక్ష్మక్క ఎక్కలేదు. ఆమె అంగట్లో పనిచేసే మనిషి వచ్చి, దహనం కూడా అయిపోయిందని చెప్పిపోయింది.

ఆ రోజే జయరాముడి రక్తం చూసి, డాక్టరు అతడికీ అదే మాట చెప్పాడు. తొందరగా విప్పాలి. భద్రమ్మకు ఇంకా చెడలేదు, కనిపెట్టి చూడాలి.

"ఎప్పుడు చేరతావు?" రైల్లో అడిగింది భద్రమ్మ.

"చూస్తా."

"చూసేదేముండాది?"

పై నెలలో అతడు రైలెక్కలేదు.

ఇంటికొచ్చి భద్రమ్మ తండ్రి మగ్గం ముందు నిలబడింది.

"నాయనా, నన్ను బెళుగుప్పకు పిల్చుకపో."

నాగన్న పోగుల మధ్య ఆడుతున్న నాడె ఆపాడు. అంతా విన్నాడు. "ఆ అయ్యవారు మనోళ్ళు కాదు గదమ్మా," అన్నాడు.

"సచ్చిపోతాండే మనిషిని చూసేదానికి కూడా మనోళ్ళే కావల్లనా?"

నాగన్న మగ్గం గుంటలోంచి లేచాడు. చొక్కా వేసుకుని బయల్దేరాడు.

బడి వరండాలో పిల్లలు వరసగా కూర్చుని ఉప్మా తింటున్నారు. జయరాముడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎండలోనూ అతడి కళ్ళ పచ్చదనం కనబడుతోంది. ఆమెను చూసి ముఖం తిప్పుకున్నాడు. నాగన్న దూరంగా, బావి గట్టు మీద కూర్చున్నాడు.

"ఏల రాలేదు?" అడిగింది భద్రమ్మ.

"వచ్చి ఏమి చేయల్ల? విప్పించుకుని మళ్ళా దున్నపోతు మాదిరి తయారు కావల్లనా?"

"బతికుండల్ల."

"నువ్వు నన్ను అట్లా చూడలేదు భద్రా. నేను నడుస్తాంటే పిల్లోళ్ళు ఎనకాల నడిచి చూపించి నవ్వుతాండ్రి. నువ్వు చూసింది ఈ సన్నమనిషినే. రైల్లో నువ్వు ఎవురి కోసం ఎదురు చూస్తాంటివో, వాడు పోతాడు."

భద్రమ్మకు కోపం నషాళానికి అంటింది.

"అయితే నువ్వు నన్ను బస్తా మాదిరి ఉన్నప్పుడు చూసినావా? రేపు నాకూ విప్పల్లంటే, అప్పుడు నువ్వు పెట్టె మారి కూర్చుంటావా?"

"నేనెందుకు..."

"చెప్పు. కూర్చుంటావా?"

"కూర్చోను."

"మరి నేను కూర్చుంటానని ఎట్లనుకున్నావు? నేనేమి నీ ఎముకల్ని లెక్కబెట్టి మనసు పడినానా? లక్ష్మక్కను గట్టిగా ఒక్క మాట అనలేకపోతిమి. నవ్వుతారని భయపడింది, పోయింది. ఇప్పుడు ఎవురు నవ్వుతాండారు చెప్పు? లావైతే కానీ. మళ్ళా లావైతే ఏమి? మనిషివి ఉంటావు గదా!"

తింటున్న పిల్లలంతా చేతులాపి చూస్తున్నారు. జయరాముడు గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుని, మోకాళ్ళలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. చాలాసేపటికి, "నాకు భయంగా ఉండాది," అన్నాడు.

"నాకూ ఉండాది. నేనూ వస్తా."

ఆపరేషన్ పొద్దున మొదలైంది. జయరాముడికి దగ్గరివాళ్ళెవరూ లేరు. భద్రమ్మ, నాగన్న ఆపరేషన్ గది బయట గోడవారగా కూర్చున్నారు. మధ్యలో ఒకసారి నర్సు పరుగున వచ్చి రక్తం సీసాలు తీసుకుపోయింది. ఏమైందని అడిగితే చెప్పేవారు లేరు. నాగన్న తెచ్చిన కాఫీ చల్లారిపోయి మీగడ కట్టింది. నీరెండ వేళకు మంచం మీద అతణ్ణి తోసుకుంటూ మగవాళ్ళ వార్డులోకి తీసుకుపోయారు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. భద్రమ్మ వెంట పరుగెత్తింది.

తలుపు దగ్గర నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. సొంతవాళ్ళకు తప్ప లోపలికి లేదని కన్నడంలో చెప్పి, "అవరు నినగె ఏనాగబేకమ్మా?" అంది, అతడు నీకేమవుతాడని.

భద్రమ్మ తండ్రి వైపు చూడలేదు.

"నన్న గండ," అంది. నా మొగుడు.

నర్సు ఆమె మెడ వైపు చూసింది. తాళి లేదు. వెనక నిలబడిన నాగన్న వైపు చూసింది. ధర్మవరంలో పుట్టి పెరిగిన మనిషికి గండ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. అతడు భుజం మీది టవలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చాలాసేపు పట్టింది.

"అవునమ్మా," అన్నాడు చివరికి. "మా అల్లుడే. ఇడువు, లోపలికి పోనీ."

భద్రమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, సూది గుచ్చని చేతిని పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. చీకటి పడేవేళకు వేళ్ళు కదిలాయి. పెదాలు తడిపితే జయరాముడు కళ్ళు సగం తెరిచాడు.

"నిన్నెట్లా రానిచ్చినారు లోపలికి?"

"అబద్ధం చెప్పి వచ్చినా."

"ఏమని?"

"ఇప్పుడు చెప్పను. నవ్వితే కుట్లు తెగుతాయి."

అతడు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుంది.

"మీ నాయన ఏమన్నాడు?" అన్నాడు కళ్ళు మూసుకునే.

భద్రమ్మ తలుపు వైపు చూసింది. నాగన్న ఇంకా అక్కడే నిలబడి, లోపలికి రావచ్చునా అని నర్సును అడుగుతున్నాడు.

"అబద్ధం కాదన్నాడు," అంది భద్రమ్మ.